నాన్నగారి గాలం, మనవడి బంతి

నిరుడు క్రిస్మస్ సెలవుల్లో మా ఇంట్లో ఒక చిన్న తగవు వచ్చింది. దానికి కారణం నిమ్మకాయ కంటే కొంచెం పెద్దదైన ఒక నల్లని బంతి. ఆ తగవు రెండు రోజుల్లో తీరిపోయింది గాని, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం మమ్మల్ని ఇంకా వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకోవాలనుకున్నాము.

మేము ఇద్దరం అన్నదమ్ములం. మాలో పెద్దవాడు కోనసీమలో కొబ్బరితోట, కాస్త వరి చేను చూసుకుంటాడు. చిన్నవాడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఈ సంగతులు ఇద్దరం కలిసి కూర్చొని జ్ఞాపకం చేసుకున్నవి గనుక "మేము" అనే వ్రాస్తున్నాము.

మా నాన్నగారికి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. నీటిపారుదల శాఖలో లస్కరుగా పని చేశారు. కాలువ గట్టు వెంట నడవడం, లాకుల దగ్గర నీటి మట్టం చూడడం, గండి పడేలా ఉన్న చోట మట్టి వేయించడం ఆయన ఉద్యోగం. గోదావరి నీళ్ళ స్వభావం ఆయనకు తెలిసినట్టు మాకు తెలిసినవాళ్ళలో మరొకరికి తెలియదు. పని లేని సాయంత్రం ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా గాలం వేయడం. తాగుడు లేదు, పేకాట లేదు. గాలం కర్ర భుజాన వేసుకొని రేవుకు వెళ్ళడమే.

ఆ గాలం ఖరీదు ఆ రోజుల్లో అర్ధ రూపాయి కూడా ఉండేది కాదు. పొదలో నుండి కొట్టి తెచ్చి, నీడన ఆరబెట్టిన సన్నని వెదురు కర్ర. దానికి నైలాన్ దారం. దారానికి చిన్న సీసపు ముక్క, చివర ముల్లు. నీటి మీద తేలడానికి జొన్నదంటు బెండు. పశువుల పాక వెనుక పెంటపోగు తవ్వితే వానపాములు దొరికేవి. వాటిని తడిమట్టితో పాటు కొబ్బరి చిప్పలో వేసి పట్టుకొని నాన్నగారి వెనుక నడవడం మా పని.

రేవులో కూర్చున్న తరువాత రెండే ఆజ్ఞలు. మాట్లాడకూడదు, మన నీడ నీటి మీద పడకూడదు. ఇక బెండును చూస్తూ ఉండాలి. బెండు చిన్నచిన్నగా వణికితే పరిగెలు ఎరను కొరుకుతున్నట్టు. ఒక్కసారిగా మునిగి పక్కకు పోతే జెల్ల. బెండు మునగకుండా నీటి మీద అడ్డంగా పడుకుంటే, చేప ఎరను నోట పట్టుకొని పైకి లేచిందన్నమాట. ఇవన్నీ ఆయన మాకు ఎన్నడూ పాఠంగా చెప్పలేదు. మేము ఆయన ముఖం చూసి నేర్చుకున్నాము.

చేపలు పడని రోజులే ఎక్కువ. మా అమ్మ మాత్రం ఎప్పుడూ చింతపండు నానబెట్టి ఉంచేది. చేప వస్తే పులుసు, రాకపోతే అదే చింతపండుతో చారు. "ఏ రోజు పులుసో, ఏ రోజు చారో గోదారమ్మకే తెలుసు" అని నవ్వేది. చారు తిన్న రోజున కూడా మా నాన్నగారి ముఖంలో నిరాశ ఉండేది కాదు.

ఇక నల్లబంతి సంగతి.

మాలో పెద్దవాడి కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. తాతయ్య అంటే వాడికి ప్రాణం. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఆయన వెంటే రేవులో కూర్చునేవాడు. నిరుడు క్రిస్మస్‌కు వస్తూ తాతయ్యకు కానుకగా ఆ బంతిని తెచ్చాడు. దాన్ని దారానికి కట్టి నీళ్ళలోకి విసిరితే తేలుతుంది. తేలుతూ నీటి అడుగుకు చెవికి వినబడని శబ్దాన్ని పంపుతుంది. ఆ శబ్దం నేలకో, చేపకో తగిలి తిరిగి వస్తే, ఎంత సేపటికి వచ్చిందో లెక్కగట్టి లోతు ఎంతో, మధ్యలో ఏమున్నదో ఫోను తెర మీద బొమ్మ గీస్తుంది. నీళ్ళలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో పోతుందట. గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీళ్ళలో గాలి బుడగకు తగిలిన శబ్దం గట్టిగా ప్రతిధ్వనిస్తుంది గనుక చేప దాక్కున్నా దాని కడుపులోని గాలే దాన్ని పట్టిస్తుంది. మనవడు చెబుతుంటే నాన్నగారు శ్రద్ధగా విన్నారు. "పాపం, దాని ఊపిరే దానికి శత్రువన్న మాట" అన్నారు.

మొదటి రోజు సాయంత్రం ముగ్గురు తరాల వాళ్ళం రేవుకు వెళ్ళాము. బంతి నీళ్ళలో పడగానే తెర మీద నిండా చేపలే. వంకీలు వంకీలుగా కనబడుతున్నాయి. మేము ఇద్దరం వయసు మరచిపోయి పిల్లల్లాగా ఫోను మీదికి వంగాము. నాన్నగారు తన పాత చోటున, తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. రెండు గంటలు గడిచాయి. మా వాడి ముల్లుకు ఒక్క చేప తగల్లేదు. నాన్నగారికి మూడు జెల్లలు పడ్డాయి. యంత్రం చేప ఎక్కడ ఉందో చెబుతుంది గాని, దానికి ఆకలి ఉందో లేదో చెప్పదు. ఆ రాత్రి పులుసు తింటూ అందరమూ మా వాడిని ఆట పట్టించాము. కథ అక్కడితో ముగిసి ఉంటే హాయిగా ఉండేది.

మా వాడు పట్టుదల గలవాడు. రాత్రంతా ఆ తెర మీది బొమ్మలను మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. రేవుకు ఎడమ పక్కన మడుగులో ఒక దిబ్బ లాంటిది ఉందనీ, చేపలన్నీ దాని చుట్టూ నాలుగు మీటర్ల లోతున తిరుగుతున్నాయనీ, తన ఎర మాత్రం రెండు మీటర్ల దగ్గరే వేలాడిందనీ గ్రహించాడు. రెండవ రోజున బెండును పైకి జరిపి, ఎరను సరిగ్గా ఆ లోతుకు దింపాడు. చీకటి పడేలోగా పదకొండు చేపలు పట్టాడు. అందులో ఒక పండుగప్ప కూడా ఉంది. ఆ రోజు నాన్నగారికి రెండే పడ్డాయి.

మేము కేకలు వేసి సంతోషించాము. వెనక్కు తిరిగి చూస్తే తుమ్మచెట్టు కింద నాన్నగారు లేరు. దారం కర్రకు చుట్టుకొని నిశ్శబ్దంగా ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి కంచాల ముందు ఆయన మాట్లాడలేదు. మనవడే ధైర్యం చేసి అడిగాడు.

"తాతయ్యా, కోపం వచ్చిందాండీ?"

"కోపం కాదురా. చేప బాగుంది. ఆట పోయింది, అంతే."

"మీరు ఊహించి తెలుసుకునేది నేను చూసి తెలుసుకున్నాను. రెండూ తెలుసుకోవడమే కదండీ?"

"నువ్వు తెలుసుకోలేదు. అది తెలుసుకుంది. నువ్వు దానికి కర్ర పట్టుకున్నావు."

మా వాడి ముఖం చిన్నబోయింది. అయినా ఊరుకోలేదు. "మరి మీ కర్రకు ఉన్నది నైలాన్ దారమే కదా తాతయ్యా. మీ తాతగారి కాలంలో నైలాన్ లేదు. నూలు దారంతో గాలం వేసిన ఆయన మిమ్మల్ని చూస్తే, దారం చేపకు కనబడనే కనబడదు, ఇంకేం ఆట అని అనేవారు కాదా?" అన్నాడు.

నాన్నగారు జవాబు చెప్పలేదు. ఆ మాటలో నిజం ఉన్నది గనుకనే చెప్పలేకపోయారని మాకు తోచింది. కంచంలో చెయ్యి కడిగేసుకొని లేచారు. నిజం చెప్పాలంటే, మేము ఇద్దరం కూడా ఆ రాత్రి చెరో పక్షాన ఉన్నాము. పెద్దవాడు కొడుకు పక్షం, చిన్నవాడు నాన్నగారి పక్షం.

మా ఇంట్లో వచ్చిన ఈ తగవు లోకంలో ఎప్పుడో వచ్చిందని మరునాడు మా వాడే చెప్పాడు. అమెరికాలో గాలం వేయడం పెద్ద ఆట. బహుమతులు పెట్టి పోటీలు జరుపుతారు. 2018లో గార్మిన్ సంస్థ అక్కడ ఒక కొత్త సోనార్ తెచ్చింది. పడవ ముందు నీళ్ళలో చేప కదలడం, ఎర వైపు తిరగడం, వెనక్కు పోవడం అన్నీ అప్పటికప్పుడు తెర మీద కనబడతాయి. అలాంటి యంత్రాలు వచ్చాక పోటీదారులు నీటిని చూడడం మాని తెరను చూడడం మొదలుపెట్టారని పెద్ద వాదం లేచింది. చివరకు మేజర్ లీగ్ ఫిషింగ్ అనే పోటీల సంస్థ 2025లో తన ముఖ్యమైన పోటీల్లో రోజును మూడు భాగాలు చేసి, వాటిలో ఒక్క భాగంలోనే ఆ యంత్రాన్ని వాడనిచ్చింది. అంటే వాళ్ళకూ పూర్తిగా వద్దనడానికి మనసు రాలేదు, పూర్తిగా సరేననడానికీ మనసు ఒప్పలేదు. అది విని నాన్నగారు కొంచెం మెత్తబడ్డారు. "అయితే నేనొక్కడినే ఛాందసుణ్ణి కాదన్నమాట" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం మా మేనమామగారి భార్య, మా అత్త, సముద్రపు ఒడ్డు ఊరి నుండి వచ్చింది. ఏటా క్రిస్మస్‌కు మమ్మల్ని చూడడానికి వస్తుంది. మా అమ్మ పోయినా ఆ రాకపోక ఆగలేదు. అరుగు మీద కూర్చొని తగవంతా విన్నది. బంతిని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత నాన్నగారితో ఇలా అన్నది.

"అన్నయ్యగారూ, మీరు సరదాకు వేస్తారు గనుక ఆట పోయిందంటున్నారు. మా ఇంట్లో అది ఎప్పుడూ ఆట కాదండీ."

అరుగు మీద అందరమూ మౌనంగా ఉండిపోయాము. ఎందుకంటే ఆమె దేని గురించి మాట్లాడుతున్నదో మా అందరికీ తెలుసు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానును కోనసీమలో ఎవరు మరచిపోగలరు? కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాని జాలరులు ఎందరో. వారిలో మా మేనమామ ఒకరు. మరి నలుగురితో కలిసి పడవ మీద వెళ్ళారు. రేడియోలో హెచ్చరిక చెబుతున్నారు. కాని ఆ మాట ఒడ్డున ఉన్నవారికి వినబడింది గాని సముద్రం మీద ఉన్నవారికి చేరలేదు. ఇంట్లో ఒక ట్రాన్సిస్టరు ఉండేది. ఉప్పునీళ్ళు తగిలి పాడవుతుందని దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్ళారు. ఆ ట్రాన్సిస్టరు మా అత్త దగ్గర ఇప్పటికీ ఉంది. మోగదు. అయినా పారవేయలేదు.

"ఆ రోజున ఈ బంతి అంత యంత్రం ఒకటి పడవలో ఉండి, ఇంటికి పొండిరా అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలదా అన్నయ్యగారూ" అని ఆమె అన్నప్పుడు నాన్నగారు తల వంచుకున్నారు. మేనమామ ఆయనకు బావమరిది మాత్రమే కాదు, చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఒకే రేవులో గాలం వేయడం నేర్చుకున్నారు. తుఫాను వెలిసిన తరువాత పది రోజుల పాటు ఆయన తీరం వెంట నడిచి వెతికారు. మేము కూడా వెంట నడిచాము. ఆ నడక గురించి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడము.

మా అత్త కొడుకు, అంటే మా బావ, ఇప్పుడు కాకినాడలో మరపడవకు సరంగుగా పని చేస్తున్నాడు. తండ్రిని మింగిన సముద్రం మీదికి కొడుకును పంపడానికి ఆమె ఎంత ఏడ్చిందో మాకు తెలుసు. ఆ సాయంత్రం బావ కూడా వచ్చాడు. యంత్రాల గురించి మా వాడు ప్రశ్న మీద ప్రశ్న వేస్తే ఓపికగా చెప్పాడు.

వాళ్ళ పడవలో జీపీఎస్ ఉంది, లోతునూ చేపల గుంపునూ చూపే ఎకో సౌండర్ ఉంది, పడవకూ పడవకూ మాట్లాడుకోవడానికి వైర్లెస్ ఉంది. వాళ్ళ నాన్న కాలంలో ఒడ్డున ఉన్న కొండనో, దీపస్తంభాన్నో, తాటిచెట్ల గుంపునో గుర్తు పెట్టుకొని, ఒకదాని వెనుక మరొకటి ఏ వరుసలో కనబడుతున్నదో చూసి చోటును గుర్తుపట్టేవారు. తాడుకు సీసపు గుండు కట్టి లోతు చూసేవారు. నీటి రంగును బట్టి, పక్షులు వాలే తీరును బట్టి చేప ఉందో లేదో చెప్పేవారు. ఒడ్డు కనుమరుగయిందంటే నక్షత్రాలే దిక్కు. మబ్బు పడితే ఆ దిక్కు కూడా లేదు. 2000 సంవత్సరం మే 2వ తేదీ వరకు సామాన్యులు వాడే జీపీఎస్‌లో అమెరికా ప్రభుత్వమే కావాలని కొంత తప్పు కలిపేది. ఆ రోజున దాన్ని తీసివేసిన తరువాత చేతిలో పట్టే చిన్న యంత్రం కూడా కొన్ని మీటర్ల తేడాలో చోటు చెప్పగలుగుతున్నది.

హైదరాబాదులో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఉంది. ఇన్‌కాయిస్ అంటారు. సముద్రం లేని ఊళ్ళో ఉండి సముద్రం కబుర్లు చెప్పడం వింతే. ఉపగ్రహాలు సముద్రం పైనీటి వెచ్చదనాన్నీ, నీటిలో కంటికి కనబడని సన్నని నాచు వల్ల వచ్చే పచ్చదనాన్నీ కొలుస్తాయి. వెచ్చని నీరూ చల్లని నీరూ కలిసే చోట, ఆ నాచు ఎక్కువగా ఉన్న చోట, మేత కోసం చేపలు చేరే అవకాశం ఎక్కువ. ఆ చోటు ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున ఉందో తెలుగులో కూడా జాలరులకు తెలియజేస్తారు. మబ్బులు కమ్మి ఉపగ్రహానికి సముద్రం కనబడని రోజున ఆ సూచన ఉండదు. పెద్ద అలలు రాబోతున్నా ఆ కేంద్రమే హెచ్చరిస్తుంది. ఫోను సిగ్నలు అందని దూరంలో ఉన్న పడవలకు కూడా హెచ్చరిక చేరాలని 2019లో జెమిని అనే పరికరాన్ని తెచ్చారు. అది ఉపగ్రహం నుండి కబురు అందుకొని పక్కనున్న ఫోనుకు ఇస్తుంది.

"చేప ఎక్కడుందో చెబితే నాకు డీజిలు మిగులుతుంది" అన్నాడు బావ. "వెతుకులాట తగ్గితే ఐసు కరగకముందే ఒడ్డుకు వస్తాను. కాని ఒక మాట చెబుతాను మామయ్యా. ఆ కబురు నాకొక్కడికే రాదు కదా. పడవలన్నీ అక్కడికే వస్తాయి. మా నాన్న వల వేస్తే తప్పించుకొని పోయే చేపకు ఒక దారి ఉండేది. మా ఎకో సౌండరుకు దొరక్కుండా పోయే గుంపుకు దారి తక్కువ. వేట ఎక్కువైతే రేపు మా పిల్లలకు సముద్రంలో ఉప్పునీళ్ళే మిగులుతాయి."

అందుకే మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటను ఆపివేస్తారు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఇది 2015కు ముందు 47 రోజులుగా ఉండేది. యంత్రం మనిషికి కన్ను ఇచ్చింది గనుక, ఆ కన్నును కొన్నాళ్ళు మూసి ఉంచమని చట్టం చెప్పవలసి వచ్చింది.

ఆ రాత్రి మేము ఇద్దరం చాలా సేపు మాట్లాడుకున్నాము. చెరో పక్షాన ఉన్నవాళ్ళం ఒక చోటికి వచ్చాము.

మాకు తోచింది ఇది. యంత్రాలు రెండు వైపులకు చూస్తాయి. కొన్ని మనిషి వైపు చూస్తాయి. తుఫాను వస్తున్నది, దారి ఇటు ఉన్నది, ఇంటికి పో అని చెప్పేవి ఇవి. వీటి వల్ల ఆట పోతుందని ఎవరైనా అంటే, ఆ మాట మా అత్త ముందు అనగలరా అని అడుగుతాము. కొన్ని చేప వైపు చూస్తాయి. అది ఎక్కడ దాక్కున్నదో చెప్పేవి ఇవి. కూటి కోసం సముద్రం మీదికి వెళ్ళేవాడికి ఇవి కూడా అవసరమే. డీజిలు అప్పు తీర్చవలసిన మా బావను, బెండు చూస్తూ ఓర్పు నేర్చుకో అని చెప్పే హక్కు మాకు లేదు. అయితే అతనికి ఆ కన్నుతో పాటు ఒక హద్దు కూడా కావాలి. ఆ సంగతి అతనే ఒప్పుకున్నాడు.

మిగిలింది సాయంత్రం వేళ సరదాగా రేవులో కూర్చునే మనలాంటివాళ్ళ సంగతి. అక్కడ నాన్నగారి మాటలో నిజం ఉన్నదని మాకు తోచింది. గాలం వేసేవాడు చేప కోసమే వెళ్ళేటట్టయితే బజారులో కొనుక్కోవడం తేలిక. తెలియనిదాని ముందు ఓపికగా కూర్చోవడమే అందులోని ఆట. ఇవాళ పులుసో చారో ముందే తెలిసిపోతే బెండును చూడవలసిన పని ఏముంది? అలాగని మా వాడి మాట కూడా కొట్టివేయలేము. రాత్రంతా మేలుకొని తన తప్పు ఎక్కడుందో వెతికి దిద్దుకున్నాడు కదా. అదీ ఓర్పే. యంత్రం ఉన్నంత మాత్రాన ఓర్పు పోదు. యంత్రం మన బదులు చూస్తున్నది గదా అని మనం చూడడం మానుకున్న రోజునే పోతుంది.

మరి మన నైలాన్ దారం మాటేమిటి? ఏ కాలంవారికైనా తమ చిన్నప్పుడు ఉన్నదే సరైన హద్దు అనిపిస్తుంది కాబోలు. గీత ఎక్కడ గీయాలో పరికరాన్ని బట్టి చెప్పలేము. పట్టినవాడు ఏమి నేర్చుకున్నాడు, నీళ్ళలో ఏమి మిగిల్చాడు అన్నదాన్ని బట్టి చెప్పవచ్చుననుకుంటాము.

సోనార్ పుట్టుక గురించి మాలో చిన్నవాడు చదివిన ఒక సంగతి మాకు చాలా నచ్చింది. 1912లో టైటానిక్ ఓడ మంచుకొండకు గుద్దుకొని మునిగిపోయింది. ఆ తరువాత 1914లో రెజినాల్డ్ ఫెసెండెన్ అనే శాస్త్రజ్ఞుడు నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో దూరాన ఉన్న మంచుకొండను గుర్తించి చూపాడు. యుద్ధాల్లో జలాంతర్గాములను వెతకడానికి ఆ విద్య ఇంకా పెరిగింది. 1948లో జపాన్‌లో నాగసాకి ప్రాంతపు ఫురునో సోదరులు చేపల గుంపును చూపే యంత్రాన్ని జాలరుల కోసం తయారు చేసి అమ్మకానికి తెచ్చారు. వాళ్ళూ అన్నదమ్ములే గనుక మాకు ముచ్చట వేసింది. ఈనాడు చేపను వెతికే బంతికి ముత్తాత, మనుషులను క్షేమంగా ఇంటికి చేర్చడానికి చేసిన ప్రయత్నమే. ఈ మాట చెబితే మా అత్త, "అయితే అది మంచి వంశమే" అన్నది.

సెలవులు అయిపోయేలోగా మా ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. దాన్ని ఎవరూ కాగితం మీద వ్రాయలేదు. రేవుకు వెళ్తే ఫోను జేబులో ఉండాలి. నాన్నగారికి కూడా ఒకటి కొనిపెట్టాము. ఆయన ప్లాస్టిక్ కవరులో చుట్టి లాల్చీ జేబులో పెట్టుకుంటారు. ఒంటరిగా గట్టు మీద ఉన్న పెద్దాయనకు కాలు జారితే పిలవడానికి అది కావాలి. కాని బెండు నీళ్ళలో ఉన్నంత సేపు ఎవరూ ఫోను తెర చూడకూడదు. అరచేయి కంటే చిన్న చేపను, గుడ్లతో ఉన్న చేపను తిరిగి నీళ్ళలో వదిలిపెట్టాలి. మనవడు తాతయ్య దగ్గర జొన్నదంటుతో బెండు చెక్కడం నేర్చుకోవాలి. వాడు మొదట చెక్కిన బెండు నీళ్ళలో వేయగానే మునిగిపోయింది. నాన్నగారు చాలా రోజుల తరువాత కడుపారా నవ్వారు.

హైదరాబాదుకు బయలుదేరే ముందు రోజు సాయంత్రం మా వాడు బంతిని సంచిలో సర్దుతుంటే నాన్నగారే ఆపారు.

"ఒరే, దాన్ని ఒకసారి ఆ మడుగులో వేయరా. చేపల కోసం కాదు. ఆ దిబ్బ అన్నావే, దాన్ని నాకు చూపించు."

నలుగురమూ రేవుకు వెళ్ళాము. గాలం తీసుకువెళ్ళలేదు. బంతి నీళ్ళ మీద తేలింది. తెర మీద నేల గీత మెల్లగా కదిలి, ఒక చోట లేచి, మళ్ళీ దిగింది. ఆ లేచిన దాని చుట్టూ వంకీలు. నాన్నగారు కళ్ళద్దాలు సర్దుకొని, ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకొని చూశారు. ఆ మడుగులో అరవై ఏళ్ళుగా ఆయన ముళ్ళు ఎన్నో తెగిపోయాయి. అక్కడ ఏదో ఉందని ఆయనకు తెలుసు. పాత పడవ అనుకునేవారు ఒకప్పుడు. రాయి అనుకునేవారు మరొకప్పుడు. వరదకు కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు అని మా మేనమామ వాదించేవారట.

"మీ మామ చెప్పిందే నిజం" అన్నారు నెమ్మదిగా. "చెట్టులాగే ఉంది. ఇక్కడే కూర్చొని పందెం కట్టాడు. పావలా పందెం. ఇవ్వకుండానే ఉండిపోయాను."

ఎవరమూ మాట్లాడలేదు. చాలా సేపు ఆయన ఆ తెర మీది గీతను చూస్తూ ఉన్నారు. తరువాత ఫోను మనవడికి ఇచ్చేశారు.

"ఇక ఆర్పెయ్యరా. మిగతాది నేను ఊహించుకుంటాను."

ప్రియ పాఠకులారా, మీ ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళకూ పిల్లలకూ మధ్య ఏదో ఒక యంత్రం గురించి ఇలాంటి తగవు ఉండే ఉంటుంది. పొలంలో కావచ్చు, వంటింట్లో కావచ్చు. ఎవరిది తప్పో తేల్చే ముందు ఇద్దరినీ ఒక సాయంత్రం ఒకే గట్టు మీద కూర్చోబెట్టి చూడండి. మాకు మేలు జరిగింది. ఈ ఏడు సెలవులకు మా వాడు వస్తున్నాడు. తాను చెక్కిన బెండు ఇప్పుడు తేలుతున్నదని ఫోనులో చెప్పాడు. ఆ కబురు విన్నప్పటి నుండి నాన్నగారు పెంటపోగు దగ్గర మట్టి తడుపుతున్నారు.